అరువు మణికట్టు

మెట్ల మీద అడుగుల చప్పుడు విని వంటింట్లోంచే "ఎవరండీ?" అన్నాను.

జవాబు రాలేదు. బెండకాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి ముందు గదిలోకి వచ్చాను. గుమ్మంలో మా అమ్మాయి కిన్నెర నిలబడి ఉంది. భుజాన హాకీ కర్ర సంచీ, మొహం నిండా చెమట.

"నేనే నాన్నా. నా అడుగులు కూడా గుర్తుపట్టలేదా?"

కిన్నెర మెట్లెక్కే తీరు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. రెండేసి మెట్లు దూకుతూ వచ్చి, మలుపు దగ్గర గోడని ఒక్క తట్టు తట్టి, మళ్ళీ దూకేది. ఇప్పుడు విన్నది అది కాదు. మునివేళ్ళ మీద, మెత్తగా, పక్కకి ఒరుగుతూ వచ్చిన అడుగులు. అవి ఒక కబడ్డీ ఆటగాడివి. ఉత్తరాది నుంచి వచ్చి మా ప్రయోగశాలలో ఉండి, కూతకి వెళ్ళినప్పుడు తన కాళ్ళు ఏం చేస్తాయో మాకు ఇచ్చి వెళ్ళిపోయాడు. వాటిని మా అమ్మాయి కాళ్ళలోకి ఎక్కించింది నేనే.

"మంచినీళ్ళివ్వనా?" అన్నాను, ఇంకేం అనాలో తెలియక.

తను తల ఊపి లోపలికి వెళ్తూ దగ్గింది. వాళ్ళమ్మ లాగే, రెండు పొడి దగ్గులు. అదింకా తనదే. ఆ పూటకి అది చాలనుకున్నాను.

*

మేం తయారు చేసినదాన్ని వాటం తొడుగు అనేవాళ్ళం. చూడ్డానికి పొడుగాటి మేజోడు లాంటిది. గొప్ప ఆటగాడి చేతికో కాలికో తొడిగితే, అతను ఆడుతున్నంతసేపూ కండరాల్లో పరుగెత్తే సన్నటి విద్యుత్తును పట్టుకుని దాచేది. తర్వాత దాన్నే నేర్చుకునేవాళ్ళకి తొడిగితే, ఆ విద్యుత్తును వాళ్ళ కండరాలకి తిరిగి వినిపించేది. మొదటిసారి తొడిగినప్పుడు కిన్నెర కెవ్వుమంది.

"చీమలు నాన్నా! చీమలు పాకుతున్నాయి!"

ఆ వెంటనే తన కుడిచెయ్యి తనంతట తనే లేచి, గాల్లో ఒక షటిల్‌ని కొట్టి దిగింది. ప్రపంచం మొత్తం చూసి చప్పట్లు కొట్టిన ఒక బ్యాడ్మింటన్ విజేత దెబ్బ అది. కిన్నెర తన చేతిని తనే వింతగా చూసుకుని పకపకా నవ్వింది. కొన్ని వారాలకి తొడుగు లేకుండానే ఆ దెబ్బ వచ్చింది.

భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న మా క్రీడా విజ్ఞాన సంస్థ ఆశ పెద్దది. హాకీ వాళ్ళ దగ్గరే హాకీ నేర్చుకుంటే వాళ్ళు చేరినంత దూరమే చేరతాం. బ్యాడ్మింటన్ మణికట్టూ, కబడ్డీ పాదమూ, కత్తిసాము వాళ్ళ దూకుడూ ఒకే అమ్మాయిలో చేరితే? మా డైరెక్టర్ డాక్టర్ సుభాషిణి గారు ఈ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళు మెరిసేవి. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం వదిలి వచ్చింది ఆ మెరుపు చూసే. కిన్నెర వచ్చింది హాకీ కోసం. రాష్ట్ర జట్టులో ఆడాలని దాని కోరిక. ఎంపిక చేసేవాళ్ళు ముందుగా మా సంస్థ జట్టునే చూసేవాళ్ళు.

దీనికి మూల్యం ఉంటుందని ఒక పెళ్ళిలో తెలిసింది. అందరితోపాటు కిన్నెర కూడా అక్షతలు వేసింది. చెయ్యి ఆ షటిల్ దెబ్బకి లేచినట్టే లేచింది. గుప్పెడు బియ్యం వధూవరుల తలలు దాటి సూటిగా వెళ్ళి పురోహితుడి కళ్ళజోడుకి తగిలింది.

"ఆశీర్వాదమా తల్లీ, కక్షా?" అన్నాడాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. పందిరంతా నవ్వింది. కిన్నెర మాత్రం నవ్వలేదు. ఆ వారంలోనే తనకి జడ వేసుకోవడం రాకుండా పోయింది.

డాక్టర్ సుభాషిణి గారిని అడిగితే దాచకుండా చెప్పారు. "నిండిన బస్సు అనుకోండి పురుషోత్తం గారూ. కొత్త కదలిక కూర్చోవాలంటే దాన్ని పోలిన పాత కదలిక ఒకటి లేచి దిగిపోవాలి. జడే కదా, ఎవరైనా వేస్తారు."

నేనే వేశాను. ఎవరో వీడియోలో చూపిస్తే నేర్చుకున్నాను. మొదటి రోజుల్లో వంకరగా వచ్చేది. కిన్నెర అద్దంలో చూసుకుని, "బాగుంది నాన్నా" అనేది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆ అబద్ధానికి నేను రోజూ కృతజ్ఞుణ్ణి.

*

అందరి వాటమూ ఎక్కాక కిన్నెర ఆట పెరగాలి. తగ్గింది.

కోచ్ ఆదెమ్మ గారు ఒకప్పుడు దేశం తరఫున ఆడిన మనిషి. గీత బయట నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని అరిచింది.

"ఏటే కిన్నెరా! అది హాకీ కర్రా, బూజు కర్రా? అలా బిగబట్టేత్తన్నావేటి? బంతేటి పారిపోతాదా?"

"పారిపోతూనే ఉంది కదా మేడం!" అని కిన్నెర కూడా అరిచింది.

నిజమే. బంతి కర్రకి అంటుకోవడం లేదు. ఇటు తిప్పితే అటు జారుతోంది. చివరికి కిన్నెర కర్ర నేలకేసి కొట్టబోయి ఆగింది. కాసేపు కర్రనే చూస్తూ నిలబడింది. తర్వాత కుడిచెయ్యి పూర్తిగా తీసేసి, పైన పట్టుకున్న ఎడమచేత్తోనే కర్ర తిప్పడం మొదలుపెట్టింది. బంతి ఇటూ అటూ, కుక్కపిల్లలా కర్ర వెంట నడిచింది.

"నాన్నా, ఇటు రండి. ఇక్కడ కర్ర తిప్పుతున్నది ఏ చెయ్యి?"

"ఎడమ."

"మీరు ఎక్కించింది?"

"కుడి," అన్నాను. హాకీలో కర్రని తిప్పేది పైనున్న ఎడమచెయ్యి. కిందనున్న కుడిచెయ్యి వదులుగా ఊరికే తోడుండాలి, దెబ్బ వేసేటప్పుడు తప్ప. మేం గొప్పవాళ్ళ మణికట్లన్నీ తెచ్చి ఆ తోడుండాల్సిన చేతిలో పోశాం. ఇప్పుడది ఊరుకోదు. విజేత చెయ్యి కదా, ప్రతిసారీ తనే గెలవాలని బిగుసుకుంటుంది.

ప్రయోగశాలలో అంతమందిమి ఉన్నాం. ఎడమచేత్తో డబ్బివ్వం, ప్రసాదం పుచ్చుకోం, ఎవరైనా ఎడమచెయ్యి చాస్తే "ఆ చెయ్యేంటి?" అంటాం. పనిచేసే చెయ్యి ఏదంటే మాలో ఏ ఒక్కరి తలా ఎడమవైపు తిరగలేదు.

"మరి మీరైనా చెప్పలేదేం?" అన్నాను ఆదెమ్మ గారితో.

"నన్నడిగినారేటి మాస్టారూ? ల్యాబు అద్దం అవతల నిలబెట్టేసినారు. కుడి అయ్యాక ఎడమ కూడా ఎక్కిత్తారు గావాల అనుకున్నాను. ఎంతైనా డాట్రుగోరు కదా!"

*

"అయితే ఎడమచెయ్యి కూడా ఎక్కిద్దాం," అన్నారు డాక్టర్ సుభాషిణి గారు. తప్పు ఒప్పుకోవడానికి ఆవిడ ఎప్పుడూ జంకలేదు. కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, గొంతు తగ్గించారు. "కానీ మన దగ్గరున్న ఆటగాళ్ళంతా కుడిచేతి వాళ్ళే. ఒక్కరు తప్ప."

ఆ ఒక్కరూ నా భార్య వకుళ.

వకుళ బాల్ బ్యాడ్మింటన్ ఆడేది. పసుపుపచ్చ ఉన్ని బంతి, చిన్న బ్యాటు, జట్టుకి అయిదుగురు. చిన్నప్పుడు ఎడమచేత్తో తింటోందని వాళ్ళమ్మ ఆ చేతికి గుడ్డ కట్టేదట. అన్నం కుడిచేత్తో తినడం నేర్చుకుంది గానీ, బ్యాటు మాత్రం ఎవరేమన్నా ఎడమచేతిలోంచి మార్చలేదు. ఆ చేత్తోనే రాష్ట్రానికి కప్పు తెచ్చింది. తొడుగు మొదటి నమూనా తయారైనప్పుడు పరీక్షకి ఎవరూ దొరక్క వకుళనే అడిగాను. "షాక్ కొడితే నీకు వంట ఉండదు చూసుకో," అంటూ తొడిగించుకుంది. తర్వాత రెండేళ్ళకే జబ్బు చేసి పోయింది. ఆ రికార్డును నేను మళ్ళీ తెరవలేదు.

"ఆవిడ మణికట్టు కిన్నెర ఎడమచేతికి సరిగ్గా సరిపోతుంది," అన్నారు సుభాషిణి గారు. "తల్లీకూతుళ్ళు కదా. రాష్ట్ర జట్టు ఎంపిక ఆటకి ముందే పూర్తి చెయ్యచ్చు. కాదంటే ఇప్పుడున్న ఆటతో నేను తనని మన సంస్థ జట్టులో పెట్టలేను. మీరే ఆలోచించండి."

ఇంటికి వెళ్తూ బస్సులో ఆలోచించాను. ఆలోచించాను అనడం కూడా తప్పే, ఆశపడ్డాను. కొత్తిమీర కడిగి నీళ్ళు విదిలించేటప్పుడు వకుళ చెయ్యి ఒక చిన్న మెలిక తిరిగేది. తలుపు గొళ్ళెం తీసేటప్పుడూ అంతే. ఆ మెలిక మళ్ళీ మా ఇంట్లో తిరుగుతుంది.

అన్నం తింటున్నప్పుడు కిన్నెరకి చెప్పాను. తను ముద్ద కలపడం ఆపింది.

"బస్సులో సీటు అన్నారు కదా ఆవిడ. అమ్మ కూర్చోవాలంటే నా చేతిలోంచి ఎవరు లేవాలి?"

"దాన్ని పోలినది."

"అంటే వసారాలో అమ్మ పక్కన నిలబడి ఎడమచేత్తో గోడకేసి బంతి కొట్టానే, అది. ఎదురుగా నిలబడితే తారుమారవుతుందని పక్కన నిలబెట్టుకుని మరీ నేర్పింది. బడినుంచి రాగానే రోజూ. అమ్మని కూర్చోబెట్టడానికి అమ్మ నేర్పినదాన్ని లేపేస్తారా?"

ఉన్న నిజం చెప్పాను. "నాకు మీ అమ్మని మళ్ళీ చూడాలనుందమ్మా."

కిన్నెర లేచి నా కంచంలో ఇంత పెరుగు వేసింది. "నాకూ ఉంది నాన్నా. కానీ నా చేతిలో కాదు. నా చేతిలో నేనుండాలి. కాళ్ళు పోయాయి, జడ పోయింది. దీన్ని ఇవ్వను. జట్టు లేకపోతే మానె."

మర్నాడు సుభాషిణి గారి గదిలో అదే మాట ఇంకా గట్టిగా అంది. ఆవిడ కోప్పడలేదు. "పసితనం. రేపు ఓడిపోయాక నువ్వే వస్తావు. రికార్డు ఎక్కడికీ పోదు," అని నా వైపు తిరిగారు. "మీరైనా చెప్పండి."

నేను గొంతెత్తి మాట్లాడే మనిషిని కాను. అప్పుడూ ఎత్తలేదు. "వాటం ఇచ్చినవాళ్ళు, వాళ్ళు లేకపోతే ఇంటివాళ్ళు, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చన్నది మన నియమం. నా భార్యది వెనక్కి తీసుకుంటున్నాను. చెరిపేస్తాను."

"పురుషోత్తం గారూ! ఆవిడది ఇంకెక్కడా లేదు."

"తెలుసండీ."

"నాన్నా..." అంది కిన్నెర. తను అంత అడగలేదు. కానీ అది అక్కడుంటే ఏదో ఒక ఓటమి రోజున తన చెయ్యి దానికోసం చాస్తుంది. తను చాచకపోతే నేను చాపిస్తాను. నన్ను నేను ఎరుగుదును.

సుభాషిణి గారు కుర్చీ తిప్పుకుని కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ కూర్చున్నారు. నా మొహం చూడకుండా ఉండటానికే. ఆ మర్యాద నేను మరిచిపోను.

చెరిపే ముందు ఒక్కసారి తెరిచాను. బొమ్మా లేదు, గొంతూ లేదు. నల్లటి తెర మీద ఆకుపచ్చ గీత. మిగతావాళ్ళ గీతలు మొదటినుంచీ ఎగిసిపడుతూ ఉంటాయి. వకుళది చదునుగా సాగింది. బంతి వస్తోంది, వస్తోంది, గీతలో చలనం లేదు. చిట్టచివర, బంతి తాకే ముందు, ఒకే ఒక్క శిఖరం. మళ్ళీ చదును.

అంత బద్ధకమా వకుళా, అనుకుని నవ్వుకున్నాను. మీట నొక్కాను. గీత పోయింది.

*

"ఏం కనిపించింది?" అంది కిన్నెర బయటికి రాగానే.

"చివరిదాకా ఏమీ లేదు. ఖాళీ. తాకే ముందు ఒక్కసారి లేచింది."

కిన్నెర రోడ్డు మీదే ఆగిపోయింది. ఎడమచేతిని వదులుగా వేలాడేసి, ఏదో వస్తున్నట్టు చూసి, ఒక్కసారి విదిలించింది. "ఇంత ఆలస్యంగానా?" మళ్ళీ విదిలించింది. "నాన్నా, మిగతావాళ్ళు? వాళ్ళ గీతలన్నీ మీరు ఏళ్ళ తరబడి చూశారు కదా. ఎలా ఆడతారో వద్దు, అది ఎక్కించుకుని చూశాను. ఎప్పుడు, ఎందుకు... అది చెప్పండి. వాళ్ళ చేతులొద్దు నాకు, వాళ్ళ బుర్ర కావాలి."

అలా మొదలైంది మా చదువు. సంస్థలో రాజీనామా ఇచ్చేశాను. ఆదెమ్మ గారు కిన్నెరని జిల్లా జట్టులోకి తీసుకుంది. "ఓలమ్మ, నా జట్టులో అందరూ అరకొరోళ్ళే, నువ్వొక్కర్తివీ ఎక్కువా?" అని, కిన్నెర హాకీ కర్రకి ఒక ప్లాస్టిక్ నీళ్ళగొట్టం ముక్క తొడిగింది. కుడిచెయ్యి ఆ గొట్టాన్ని పట్టుకోవాలి. లోపల కర్రని ఎడమచెయ్యి తిప్పుకుంటుంది. విజేత చెయ్యి ఎంత బిగబట్టినా గొట్టాన్నే బిగబట్టుకుంటుంది.

"ఇప్పుడు గింజుకోనీ ఆ దొరగారిని," అంది ఆదెమ్మ గారు.

సాయంత్రాలు నేనూ కిన్నెరా పాత ఆటలు చూసేవాళ్ళం. క్రికెట్‌లో వికెట్ల వెనక నిలబడేవాడు బంతిని పట్టుకోడు, దాంతోపాటు చేతుల్ని వెనక్కి పోనిస్తాడు. కిన్నెర వేగంగా వచ్చిన హాకీ బంతిని అలా మెత్తగా ఆపడం నేర్చుకుంది. కత్తిసాము మనిషి ఎదుటివాడి కత్తిని చూడడు, మోకాలిని చూస్తాడు. కబడ్డీ ఆటగాడు దిశ మార్చే ముందు ఎడమ మడమని నేలకి ఆనిస్తాడు, కనురెప్ప పాటు. అది నేను గీతలో చూశాను. తెర మీద చూపిస్తే కిన్నెర లేచి గదిలో నడిచి చూసుకుంది.

"నా మడమ కూడా ఆనుతోంది నాన్నా!" తర్వాత మెల్లగా అంది. "సంస్థ జట్టులో అందరి మడమలూ ఆనుతాయి."

*

ఎంపిక ఆట రోజు పొద్దున జడ వేశాను. వంకర లేకుండా వచ్చింది. కిన్నెర అద్దంలో చూసుకుని ఏమీ అనలేదు. అబద్ధం అవసరం పడలేదు.

సంస్థ జట్టు చూడముచ్చటగా ఉంది. పదకొండు మందీ ఒకేలా పరుగెత్తి, ఒకేలా మలుపు తిరిగారు. వాళ్ళ ముందు మా జిల్లా పిల్లలు సంతలో తప్పిపోయినవాళ్ళలా కనిపించారు. మొదటి సగంలోనే రెండు గోల్స్ ఇచ్చాం. ఆదెమ్మ గారు నోటికొచ్చినట్టు తిట్టింది, తిడుతూనే అందరికీ బత్తాయి తొనలు పంచింది.

రెండో సగంలో కిన్నెర నేల చూడటం మొదలుపెట్టింది. సంస్థ తరఫున ముందు ఆడే ఎస్తేరు బంతితో వస్తోంది. భలే వేగం. ఎటు తిరుగుతుందో తెలియక మా వాళ్ళిద్దరు అప్పటికే వెనకబడ్డారు. కిన్నెర ఎస్తేరు కళ్ళని గానీ కర్రని గానీ చూడలేదు. ఎస్తేరు ఎడమ మడమ ఆనింది. ఎస్తేరు తిరిగేసరికి అక్కడ కిన్నెర ఉంది, బంతి కిన్నెర దగ్గరుంది.

మళ్ళీ అదే. మళ్ళీ అదే. మూడోసారికి ఎస్తేరు ఆగిపోయి తన పాదాల వైపు చూసుకుంది.

మా వాళ్ళు ఒక గోల్ వేశారు. ఆట అయిపోవస్తుండగా కిన్నెర బంతి తీసుకుని సంస్థ గోల్ వైపు వెళ్ళింది. ఎదురుగా గోల్ కీపర్ ఒక్కతే. కిన్నెర కుడిచెయ్యి కర్ర మీంచి తీసేసింది. ఎడమచెయ్యి వదులుగా వేలాడుతోంది. కీపర్ కాళ్ళు చాపి ముందుకొచ్చింది. కొట్టు, కొట్టు అని పక్కన ఎవరో అరుస్తున్నారు. కిన్నెర కొట్టలేదు. చదును గీత. కీపర్ మోకాలు ఒకవైపు ఒరిగింది. అప్పుడు, చిట్టచివర, ఒక్క మెలిక. కర్ర తిరగబడి బంతిని రెండోవైపు తోసింది. బంతి మెల్లగానే వెళ్ళి గోల్‌లో పడింది.

నేను లేచి నిలబడ్డాను. ఆ మెలిక నాకు తెలుసు. కానీ వకుళ చెయ్యి చివర్లో పైకి లేచేది. ఇది కిందికి దిగింది. హాకీ కర్ర బరువు కాబోలు. అది వకుళ కాదు. వకుళ పక్కన నిలబడి నేర్చుకున్న పిల్ల.

ఆట సమానంగా ముగిసింది. గీత దగ్గర ఎస్తేరు కిన్నెరని పట్టుకుంది. "నీకెలా తెలిసింది చెప్పవే?"

"ఆదివారం మా ఇంటికి రా. కూర్చుని చూద్దాం. ఏ తొడుగూ అక్కర్లేదు."

ఎంపిక సంఘం పెద్దాయన వచ్చి కిన్నెర చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎడమచెయ్యి బాగుందమ్మా. కుడి ఇంకా గింజుకుంటోంది. నీ పేరు చేరుస్తాను. క్యాంపులో చేరాక సంస్థ వాళ్ళ చేత ఎడమది కూడా ఎక్కించుకుంటే ఇంకా..."

"ఎక్కించుకోనండీ," అంది కిన్నెర. "పేరు చేరిస్తే ఈ చేతితోనే చేర్చండి. దీంట్లో నా పక్కన ఇంకెవరూ పట్టరు."

ఆయన ఆదెమ్మ గారి వైపు చూశాడు. ఆవిడ ఆకాశం వైపు చూసింది. ఆయన నవ్వి, పేరు చేర్చాడు. దూరంగా మెట్ల మీద కూర్చున్న సుభాషిణి గారు నాకు తల వంచి నమస్కారం పెట్టారు. నేనూ పెట్టాను.

*

కిన్నెర జట్టు వాళ్ళతో ఆగిపోతే, నేను ముందుగా ఇంటికి వచ్చి గది తుడిచాను. చారు పొయ్యి మీద మరుగుతోంది. కొత్తిమీర కడిగి, ఎలా వస్తుందో చూద్దామని ఎడమచేత్తో నీళ్ళు విదిలించాను. నీళ్ళు నా మొహాన పడ్డాయి.

కింద మెట్ల మీద అడుగులు వినిపించాయి. మెత్తటి మునివేళ్ళు, మోకాలికి దెబ్బ తగిలిందేమో ఒక కాలు ఈడుపు, మధ్యలో ఒకచోట రెండు మెట్లు దూకబోయి తప్పిన తడబాటు. కబడ్డీ ఆటగాడివి కావు. నేనెరిగిన చిన్నపిల్లవీ కావు. అలాంటి అడుగులు ఆ మెట్ల మీద ఎప్పుడూ వినలేదు. మలుపు దగ్గర ఆగాయి. గోడ మీద ఒక్క తట్టు వినిపించింది.

నేను వెనక్కి తిరగలేదు.

"చెప్పులు బయటే విప్పు," అన్నాను. "నేల ఇంకా తడిగా ఉంది."